పచ్చటి చేలో నాగలి

పోయిన శ్రావణంలో కంటి పరీక్షకని మా అబ్బాయి నన్ను కారులో రాయపూర్ తీసుకువెళ్తుంటే, కుమ్హారి దాటాక పెద్దరోడ్డు మీద లారీలు బారులు తీరి ఆగిపోయి ఉన్నాయి. వాడు విసుక్కుని కారుని పక్కనున్న పల్లెదారి పట్టించాడు. ఆ దారిలో కొంతదూరం పోయేసరికి ఒక ముసలాయన, జానెడుకి మించి ఎదిగిన పచ్చటి వరిచేలో, నిండుగా నిలిచిన నీళ్ళలో, జత ఎడ్లని కట్టుకుని నిమ్మళంగా నాగలి తోలుతూ కనిపించాడు. మా అబ్బాయి ఠక్కున బ్రేకు వేసి, "అమ్మా, యే క్యా కర్ రహా హై? బంగారంలాంటి పంట ఖరాబ్ చేసేస్తున్నాడు, పాగల్ హై క్యా?" అంటూ ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు. నాకు నవ్వాగలేదు. అచ్చం వాళ్ళ తాతగారిలాగే అన్నాడు. ఎందుకు నవ్వానో చెప్పబోతే డాక్టరు టైము దాటిపోతుందని వాడు తొందరపడ్డాడు, తిరుగు ప్రయాణంలో నా కళ్ళల్లో మందు వేసి ఉంది, వాడి చెవిలో ఫోను ఉంది. అందుకని ఆ సంగతేదో వాడికంటే ముందు మీకే చెప్పుకుంటున్నాను.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో భిలాయిలో మన తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరికైనా రిటైర్మెంటు దగ్గరపడిందంటే రెండే మాటలు వినపడేవి, ఊరెళ్ళిపోవడమా, లేకపోతే వైశాలి నగర్‌లో ఒక చిన్న జాగా చూసుకుని ఇల్లు కట్టుకోవడమా అని. మా మామగారు మాత్రం ఆ రెండూ కాదని, ఇంట్లో ఒక్కరికీ చెప్పకుండా, కుమ్హారి అవతల ఒక పల్లెలో ఎకరం పైచిలుకు పొలం కొనుక్కొచ్చారు. భిలాయి ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి పనిచేసి ఆయన చేతులకి మట్టి అంటి ఒక జీవితకాలం అయింది, అయినా మనసులో ఎక్కడో శ్రీకాకుళం జిల్లా రైతు కొడుకు అలాగే కూర్చుని ఉన్నాడు కాబోలు, ఆ మధ్యాహ్నం కొంగుబంగారం దొరికినట్టు ముఖం వెలిగిపోతూ వచ్చి, చేతి రుమాల్లో కట్టి తెచ్చిన పసుపుపచ్చటి మట్టిని వంటింటి గట్టు మీద పోసి మమ్మల్ని చూడమన్నారు. మా అత్తగారు చూడలేదు. ఆ మట్టిని చేటలోకి ఎత్తి, పెరట్లో తులసి మొదట్లో పోసి, గట్టు కడిగేసి, ఆ పూటకి అన్నం తినకుండా పడుకున్నారు.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. వంశధార పక్కనున్న పల్లెలో పుట్టి, పెళ్ళయిన ఏడాదే రైలెక్కి ఇక్కడికి వచ్చిన మనిషి, ఎప్పుడో ఒకరోజు దిగిపోవాల్సిన బండిలో కూర్చున్నట్టే ఇక్కడ కాపురం చేశారు. మంచి ఇత్తడి సామానంతా గుడ్డల్లో చుట్టి ట్రంకు పెట్టెలో ఉంచి, ఇక్కడ వాడితే ఊరెళ్ళేసరికి పాడైపోతాయనేవారు. ఊళ్ళో వాళ్ళ అక్కగారు ఈవిడ కోసం ఒక గది సున్నం కొట్టించి ఉంచారు. హిందీ ఆవిడ నేర్చుకోలేదు, అవసరమైనంతవరకు కూరగాయల బండివాడే తెలుగు నేర్చుకున్నాడు. అలాంటి మనిషికి, ఇహ దిగాల్సిన స్టేషను వచ్చిందనుకున్న రోజున, ఇంకో ఊరికి టిక్కెట్టు చేతిలో పెట్టినట్టయింది.

ఇద్దరి మధ్యా కొన్నాళ్ళు మాటల్లేవు. రిసాలిలో మా ఆయనకిచ్చిన క్వార్టరులో రెండే గదులు, ఆ రెండు గదుల్లో ఇద్దరు పెద్దవాళ్ళు మూతులు ముడుచుకుని తిరుగుతుంటే మధ్యలో నా పని అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది. చివరికి వాళ్ళిద్దరే ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్క పంట చూడడం, పంట చేతికొస్తే ఇక్కడే ఉండిపోవడం, రాకపోతే పొలం అమ్మేసి నూర్పుల రోజులు దాటగానే ఊరికి రైలెక్కడం. ఆ ఒప్పందానికి నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. అప్పట్లో నేను ఒక చిన్న బళ్ళో టీచరుగా చేస్తున్నాను, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, మా ఆయన షిఫ్టుల మనిషి, మా అత్తగారే లేకపోతే నా ఉద్యోగం లేదు, నా ఇల్లూ లేదు. సాక్షిని కదా అని పైకి ఏమీ అనలేదు కానీ, పంట పండాలని రోజూ దీపం పెట్టినప్పుడల్లా దండం పెట్టుకునేదాన్ని.

పొలం పనిలో మాకు దిక్కు పక్క చేను రైతు, ఆయన్ని ఊరందరితోపాటు మేమూ కాకా అనేవాళ్ళం, వాళ్ళావిడ కాకీ. ఎడ్లు ఆయనవి, నాగలి ఆయనది, దున్నేది ఆయన, హుకుములిచ్చేది మా మామగారు. మన వైపు అయితే ముందు ఆకుమడి పోసి, నారు ఎదిగాక తీసి, దమ్ము చేసిన మళ్ళల్లో నాటి ఉభాలు చేస్తారు కదా, ఇక్కడ అదేమీ లేకుండా తొలకరి వానకి పొడి దుక్కిలో విత్తనాలు చేతితో విసిరి ఊరుకుంటారు. ఇదేం సేద్యం, కోళ్ళకి గింజలు చల్లినట్టు, అని మా మామగారు మొదటిరోజే పెదవి విరిచారు. కానీ మనుషుల్ని పెట్టి ఉభాలు చేయించే వీలు ఆ ఏడాది లేదు కనుక సరేనన్నారు. ప్లాంటులో ఇచ్చిన ఇనుప ముక్కు బూట్లు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, తెల్లవారుతూనే బస్సెక్కి వెళ్ళి, రిటైరయ్యాక కూడా డ్యూటీ చేసినట్టు గట్టు మీద కూర్చుని, సరిగ్గా షిఫ్టు దిగే వేళకి ఇంటికి వచ్చేవారు. ఆషాఢం చివరికల్లా చేను కళ్ళకి చల్లగా పరుచుకుంది. మొలక కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పలచగా ఉన్నా, మొత్తానికి పచ్చగా ఉంది, అది చూసుకుని ఆయన మురిసిపోయిన తీరు మాటల్లో చెప్పలేను. మా అత్తగారు మాత్రం అటువైపు ఒక్కసారీ రాలేదు.

శ్రావణంలో రెండు రోజులు ఏకధాటిగా వాన కురిసి వెలిసిన మర్నాడు మా బడికి సెలవిచ్చారు. మామగారికి టిఫిను డబ్బా పట్టుకుని ఆయన వెంట నేనూ పొలానికి వెళ్ళాను. మా చేను పల్లంలో ఉండడం వల్ల నీళ్ళు ముందు దాన్లోనే నిలిచాయి, అందుకని కాకా తన పొలం తర్వాత చూసుకోవచ్చని ముందుగా మా దాంట్లోకి ఎడ్లని దింపాడు. మేము గట్టు మలుపు తిరిగేసరికి నాగలి అప్పటికే ఆ మూల నుంచి ఈ మూలకి ఒక చాలు వచ్చేసింది. పచ్చటి వరి మొక్కలు వేళ్ళతో సహా లేచి బురదలో వాలిపోతున్నాయి, ఎడ్లు వాటినే తొక్కుకుంటూ నడుస్తున్నాయి. నేనే అయ్యో అని అరిచేశాను. మా మామగారి సంగతి వేరే చెప్పాలా. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఇనుము దారి తప్పితే ముందు మిషను ఆపాలి, ఎందుకు, ఏమిటి అన్నది తర్వాత, అది ఆయనకి ఒంట్లో జీర్ణించుకుపోయిన పాఠం. బూట్లతోనే బురదలోకి దూకి, పడుతూ లేస్తూ వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి ఎడ్లకి అడ్డంగా నిలబడి, "రోకో! బంద్ కరో! పాగల్ హో గయా క్యా?" అని అరిచిన అరుపుకి ఊరంతా గట్ల మీదకి వచ్చింది.

కాకా చాలా నెమ్మదైన మనిషి. "నై మరయ్ బాబూజీ, నై మరయ్," చచ్చిపోదయ్యా, చచ్చిపోదు, అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. దీన్ని బియాసీ అంటారని, విసిరి చల్లిన వరిని నీళ్ళు నిలిచాక ఇలా ఒకసారి దున్నకపోతే కలుపు చావదని, నేల గుల్లబారదని, పడిపోయిన మొక్క నాలుగు రోజుల్లో తనంతట తనే లేస్తుందని, తాతల నాటి నుంచీ ఇంతేనని చెప్పాడు. మా మామగారు వింటేనా. పచ్చటి చేలో నాగలి పెట్టడమన్నది మన వైపు రైతుకి పసిబిడ్డ మీద చెయ్యి చేసుకోవడంతో సమానం, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ కోపంలో కాకాని నానా మాటలూ అన్నారు. కాకా కాడి విప్పి, ఎడ్లని తోలుకుని తన చేలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు అక్కడ బియాసీ చేసి, చేనంతా బురద చేసి పెడితే, మా మామగారు గట్టు మీద నుంచి చూసి, పాపం తెలివితక్కువవాడు, నోటి ముందు కూడు కాలదన్నుకున్నాడని నిజంగానే జాలిపడ్డారు.

ఆ జాలి వారం దాటలేదు. కాకా చేలో పడిపోయిన మొక్కలు ఒక్కొక్కటే నడుం ఎత్తి, ముదురు ఆకుపచ్చకి తిరిగి, పిలకలు వేయడం మొదలుపెట్టాయి. మా చేలో వరితో పోటీపడి ఊద గడ్డి లేచింది, దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉండి మరీ ఏడిపించేది. మామగారు అభిమానం దిగమింగుకుని కాకా గుమ్మానికి వెళ్ళి ఇప్పుడైనా నాగలి పెట్టమని అడిగారు. కాకా మంచంమీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు కానీ తల అడ్డంగా ఊపాడు. పంతం కాదు, చేలో నీళ్ళు తీసేశాయి, మొక్క కణుపు కట్టే దశకి వచ్చింది, ఇప్పుడు నాగలి తగిలితే ఈసారి నిజంగానే చస్తుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పి మంచం కిందకి నెట్టేసినవారు మళ్ళీ వాటిని బయటికి తీయలేదు. వరండాలో కూర్చుని, ప్లాంటు కూత వినపడ్డప్పుడల్లా అటు తిరిగి చూసేవారు.

మా అత్తగారు గెలిచారు. ట్రంకు పెట్టె కిందకి దించి ఇత్తడి సామాను తోమి మళ్ళీ చుట్టుకున్నారు, ఊరగాయ జాడీలు నాకు అప్పజెప్పారు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సెలవులకి ఎలా రావాలో, ఏ స్టేషనులో దిగాలో చెప్పేవారు. ఒక ఆదివారం, పొలంలో ఉండిపోయిన పారలూ బుట్టలూ తెచ్చేసుకుందామని తనే బయల్దేరితే నేనూ తోడు వెళ్ళాను. అదే ఆవిడ ఆ పొలాన్ని మొదటిసారి చూడడం. గట్టు మీద నిలబడి చూశారు. "ఏటే ఇది, చేనా అడవా?" అన్నారు నాతో, తప్పు నాదే అయినట్టు. వంగి ఒక గుప్పెడు ఊద లాగారు. దాని వెనక పాలిపోయి, ఊపిరాడనట్టు ఉన్న వరి మొక్క ఒకటి బయటపడింది. ఆవిడ దాన్ని చూసి నాలిక చప్పరించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి దిగారు. పారలు తీసుకుని మధ్యాహ్నం బస్సుకి వచ్చేద్దామని వెళ్ళినవాళ్ళం, పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం, ఒంటి నిండా బురదతో బస్సెక్కితే కండక్టరు వెనక సీటు చూపించాడు.

మర్నాడు పొద్దున్నే వంట చేసి పెట్టి మళ్ళీ బయల్దేరారు. ఆ మర్నాడూ అంతే. కాకీ చూసి, ఇంకో నలుగురు ఆడవాళ్ళని వెంటపెట్టుకుని వచ్చింది. ఈవిడకి హిందీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు, అయినా పనికి ఏ లోటూ రాలేదు. పీకిన కలుపుని గట్టు మీద వేయకుండా మొక్కల మధ్య బురదలోకే మడమతో తొక్కి పాతిపెట్టడం మా అత్తగారు వాళ్ళకి చూపిస్తే, అదీ ఇక్కడ చేసేదేనని కాకీ నవ్వింది. ఒత్తుగా ఉన్నచోట మొక్కలు తీసి పలచగా ఉన్నచోట నాటడం ఆవిడకి ఉభాలే, వాళ్ళకి ఇంకో పేరు ఉంది, చేతులు మాత్రం ఒకే తీరున ఆడేవి. మధ్యలో ఒకసారి చెరువు కాలవ నుంచి నీళ్ళు మళ్ళించి ఇచ్చిపోయాడు కాకా. మామగారు ఒకటి రెండు రోజులు ఏమీ తెలియనట్టు వరండాలోనే కూర్చుని, తర్వాత ఆగలేక, ఉత్త కాళ్ళతో వచ్చి, ఒక మూల నుంచి గడ్డి పీకడం మొదలుపెట్టారు.

నేను సాక్షిని కదా, ఉండబట్టలేక ఒకరోజు బస్సులో అడిగేశాను, అత్తా, ఈ పంట వచ్చిందంటే నువ్వు ఊరెళ్ళవు కదా, మరి ఎందుకిలా నడుం విరగ్గొట్టుకుంటున్నావని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒప్పందం నాకూ మీ మావకీని. చేనుకేటి తెలుసే?" అన్నారు. రాత్రికి గోళ్ళలో మట్టి పుల్లతో తీసుకుంటూ, ఆ మట్టిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం మాత్రం నేను చూశాను.

పంట వచ్చిందా అంటే వచ్చింది, రాలేదా అంటే రాలేదు. కాకా కళ్ళంలో కుప్ప పక్కన మాది నిలబడడానికి సిగ్గుపడేటట్టుంది. మా మామగారు ముక్కు మీద కోపం ఉన్న మనిషే కానీ అన్యాయం ఎరగరు. నూర్పుల రోజున మా అందరి ముందూ, కాకా, కాకీ కూడా ఉండగా, ఇది పంట కింద లెక్క కాదు, నేను ఓడిపోయాను, పండగలోపు ఊరెళ్ళిపోదాం, టిక్కెట్లు చేయిస్తాను అని మా అత్తగారితో చెప్పేశారు. నేను పిల్లవాణ్ణి ఎత్తుకునే మిషతో అటు తిరిగిపోయాను. మా అత్తగారు ధాన్యం చెరుగుతున్న చేట ఆపకుండా, "ఎలిపోతే మరి తివరా ఎవుడు తీస్తాడు?" అన్నారు.

తివరా ఏమిటో మాకెవరికీ అర్థం కాలేదు. కాకీ పకపకా నవ్వి, కోసిన చేలోకి మమ్మల్ని తీసుకెళ్ళి చూపించింది. వరి కొయ్యకాళ్ళ మధ్య, ఇంకా తడి ఆరని నేలలో, సన్నటి ఆకులతో ఏదో తీగ పైరు చేనంతా మొలిచి ఉంది. అది ఇక్కడివాళ్ళ పప్పుగింజ. వరి కోతకి ముందు, చేలో తడి ఉండగానే, నిలబడ్డ పంటలోనే చల్లేస్తే, వరి పోయాక అదే నేలలో మిగిలిన చెమ్మతో పండుతుంది, నేలకీ బలమిస్తుంది. మన మాగాణుల్లో పెసలూ మినుములూ చల్లే పద్ధతే. తనకి తెలిసిన సేద్యం ఒకటి ఈ ఊళ్ళో కూడా ఉందని కనిపెట్టిన సంబరంలో మా అత్తగారు కాకీ దగ్గర గింజలు అడిగి, మాలో ఎవరికీ చెప్పకుండా ఎప్పుడో చల్లేసి వచ్చారు. మామగారు ఆ మొలకల మధ్య కూర్చుండిపోయి, వాటిని వేళ్ళతో నిమురుతూ, ముఖం మాకు కనపడకుండా దాచుకున్నారు.

తివరా లేతాకుతో నువ్వుపిండి వేసి ఆవిడ చేసిన కూర రుచి ఇప్పటికీ నా నాలిక మీద ఉంది. తివరా తీశాక వెళ్దామనుకుంటే, వేసవిలో కచ్ఛ్ వైపు నుంచి ఒంటెలతో సహా గొర్రెల మందల వాళ్ళు వచ్చారు, మా చేలో మంద కట్టించాలని ఆవిడ పట్టుపట్టారు. ఆ గొర్రెల వాళ్ళావిడతో, ఆ చేతుల నిండా తెల్లటి గాజులున్న మనిషితో, ఈవిడ తెలుగులోనే బేరమాడి, ధాన్యం కొలిచిచ్చి, మంద కట్టించారు. ఎరువుగా గొర్రెల గత్తం పడ్డాక నేల ఊరికే వదిలేస్తే ఎలా, సగం చేలో జనుము చల్లాలి. జనుము పూత దశకి వచ్చేసరికి కలియదున్ని మురగబెట్టాలి. మురిగాక ఉభాలు. ఆ సగం మన పద్ధతి, మిగతా సగం కాకా పద్ధతి, దాంట్లో శ్రావణంలో నాగలి దిగితే మామగారు మాత్రం ఆ పూట పొలానికి వెళ్ళేవారు కాదు, తెలిసినా చూడలేనని చెప్పి ఇంట్లో కూర్చునేవారు. ఊళ్ళో వాళ్ళ అక్కగారు ఎప్పుడొస్తావని కబురు పంపినప్పుడల్లా, ఇదిగో ఈ పని కాగానే అని జవాబు వెళ్ళేది. ఆవిడ ఏనాడూ ఇక్కడే ఉండిపోతాననలేదు. ఇత్తడి సామాను మాత్రం ఒక్కొక్కటే పెట్టెలోంచి వంటింట్లోకి వచ్చి చేరింది.

వాళ్ళిద్దరూ పోయి చాలా ఏళ్ళయింది, ముందు ఆయన, తర్వాత ఆవిడ. పొలం ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లు వేశారు, సిమెంటు రోడ్ల మధ్య ఏది మా మూలో ఏది కాకా మూలో నాకు ఆనవాలు దొరకలేదు, ఆ మట్టి పసుపుపచ్చగా ఉండేదని చెబితే నమ్మడానికి కూడా అక్కడ మట్టి కనపడదు. నేనూ రిటైరయ్యాను. మా చెల్లెలు విశాఖపట్నం వచ్చి ఉండమంటుంది, మా అబ్బాయి పూనా వెళ్దాం రమ్మంటాడు. ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, తలుపుకి తాళం వేస్తే చాలు. మా అత్తగారు ఒక్క నెల ఖాళీ దొరక్క పుట్టిన ఊరు వదులుకున్నారు, పాపం అనుకునేదాన్ని అప్పట్లో. ఈ మధ్య ప్రయాణానికి సంచి సర్దుకుంటున్నప్పుడల్లా, నేను లేకపోతే ఇక్కడ ఏది ఎండిపోతుంది, ఏది మురిగిపోతుంది అని ఒకసారి ఆలోచించుకుంటాను. ఏదీ లేదు. అది తలుచుకుంటే, వెళ్ళబుద్ధి కాదు, ఉండబుద్ధీ కాదు.